నాయనమ్మ పిండితొట్టి

హోల్మ్‌స్టాడ్, డకోటా
ఏప్రిల్ 14, 1958

చెల్లి సిగ్నికి,

బాగున్నావా అని అడగను. నీ మోకాలి నొప్పి, మీ ఎర్రావు ఈనడం, మరిది ఎమిల్ మళ్ళీ పొగాకు నమలడం మొదలెట్టడం, అన్నీ నీకంటే ముందే నాకు తెలిశాయి. మీ వాగు వైపు ఇళ్ళన్నిటికీ ఒకటే టెలిఫోన్ తీగ. నువ్వు ఫోనెత్తితే చాలు, తువేట్ ఆవిడ కుర్చీ లాక్కుని, అల్లిక ఒళ్ళో పెట్టుకుని వింటుంది. అందుకే కాగితం మీద రాస్తున్నాను. నువ్వూ కాగితం మీదే జవాబివ్వు.

ముందు శుభవార్త. మన జిల్లాకి జూన్‌లో డెబ్బై అయిదేళ్ళు నిండుతాయి. మీ పొలంలో వాగు ఒడ్డున ఉన్న నాయనమ్మ దుంగల ఇంటిని విప్పి తెచ్చి, ఇక్కడి పార్కులో మళ్ళీ నిలబెడతామంటున్నారు ఉత్సవ సంఘం వాళ్ళు. తొలితరం వాళ్ళ ఇళ్ళలో అదొక్కటే మిగిలింది. తక్కినవన్నీ కోళ్ళగూళ్ళయ్యాయి. ఫలకం మీద దెయ్యం సంగతి కూడా వేద్దామని ఒకాయన అన్నాడు, చూడ్డానికి జనం వస్తారట. బాప్తిస్మం లేకుండా పోయిన పసిగుడ్డు ఏదో ఆ ఇంట్లో ఏడుస్తుందన్న పాడు పుకారు మన వంశానికెందుకు? కుదరదన్నాను.

వంశ చరిత్ర నేనే రాస్తున్నాను. ఇరవై ఏళ్ళ పెళ్ళికాని పిల్ల నార్వే నుంచి వచ్చి, ఆ బయల్లో ఒంటరిగా ఇల్లు కట్టుకుని, అయిదేళ్ళు కాపురముండి, ప్రభుత్వం చేత భూమి పట్టా రాయించుకుని, ఆ తరువాతే పక్క పొలం తాతయ్య టోలెఫ్‌ని పెళ్ళాడింది. ఏడాదికి నాన్న పుట్టాడు. రెండు నెలల పిల్లవాణ్ణి బాప్తిస్మానికి తీసుకెళ్తే నోట్లో అప్పటికే నాలుగు పళ్ళు, తల్లి వేలు పట్టుకుని తనే నడిచి వెళ్ళాడు. ఆ తరం రక్తం అలాంటిది. ఇదంతా రాశాను. ఉత్సవం లోపల నువ్వు ఆ ఇల్లు ఖాళీ చేయించు.

ఇక రెండోది. నీ కూతురు మార్లిస్ పెళ్ళి జూన్ ఏడున మన చర్చిలో జరిపించమని పాస్టరుగారిని అడిగావట. పెళ్ళి ఆయన చేస్తాడు, చెయ్యనీ. కింది హాల్లో భోజనాలు మాత్రం స్త్రీల సంఘం వండదు. అధ్యక్షురాలిగా నేనే చెప్పాల్సి వచ్చింది. పెళ్ళికొడుకు ఆర్లో మంచి కుర్రాడే కావచ్చు, సైన్యం నుంచి మే నెలాఖరుకి గానీ రాలేడూ కావచ్చు. కానీ సెలవులో వచ్చి వెళ్ళినవాడు ఏం చేసి వెళ్ళాడో తీగ పొడవునా అందరికీ తెలుసు. సెప్టెంబరుకి బిడ్డ అంటే జూన్‌లో పెళ్ళికూతురు ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. నూరేళ్ళుగా మన ఇంట ఇలాంటిది జరగలేదు. సంఘం వండని పెళ్ళిని మనవాళ్ళు పెళ్ళి అనరని నీకు తెలుసు. జడ్జి దగ్గర సంతకాలు పెట్టించు, గొడవ వదిలిపోతుంది.

నీ మేలు కోరే అక్క,
బోర్గిల్డ్


వాగు ఒడ్డు
ఏప్రిల్ 22

బోర్గిల్డ్ అక్కకి,

నీ మేలుకోరడం అందింది. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ ఒళ్ళు మండింది. ఎమిల్‌కి చదివి వినిపిస్తే "ఊఁ" అన్నాడు. ఆ మనిషికి అది మహా కోపం.

మార్లిస్‌కి నీ ఉత్తరం చూపించలేదు. చిన్నప్పుడు నీ ఒళ్ళో కూర్చుని "పెద్దమ్మా, నా పెళ్ళికి బాదం కేకు నువ్వే చెయ్యాలి" అన్న పిల్ల అది. నువ్వు ఊఁ అన్నావు కూడా. ఇప్పుడు అది కుట్టుమిషను ముందు కూర్చుని తన పెళ్ళిగౌనుని నడుం దగ్గర వదులు చేసుకుంటోంది, మళ్ళీ మళ్ళీ. దాని గురించి ఇంకోసారి రాస్తాను, ఇప్పుడు రాస్తే కాగితం చిరుగుతుంది.

మీ ఉత్సవ సంఘం ఇద్దరు మగాళ్ళని పంపింది. ఇద్దరూ స్తంభాల్లా ఉన్నారు. దుంగల ఇంటి గుమ్మం దాకా వచ్చి, "మీరు ముందు వెళ్ళండమ్మా" అన్నారు. ఎందుకయ్యా అంటే, "మా అమ్మ ఆ ఏడుపు విందట" అన్నాడొకడు. అంతలో లోపల ఏదో చిట్‌మంది. ఇక చూడు పరుగు! ఒకడి టోపీ నా దగ్గరే ఉంది, వచ్చి తీసుకెళ్ళమను. లోపల ఉన్నది ఉడుత.

సరే, మగాళ్ళు పారిపోయాక పని ఆడవాళ్ళకే మిగులుతుంది కదా. నేనే వెళ్ళాను. నాయనమ్మ మంచం ఉండే మూల నేలచెక్క విరిగి కాలు మోకాలి దాకా దిగబడింది, అదీ నొప్పి లేని కాలు. చెక్కలు లేపి చూస్తే కింద గొయ్యి, ఎవరో పనిగట్టుకుని తవ్వినది. అక్కా, ఆ ఇంట్లో ఏడ్చినదేమిటో దొరికింది. గొర్రెతోలు చుట్టి ఉంది. పాపం, ఎంత చిన్నదో! దుప్పట్లో పెట్టుకుని వంటింట్లోకి తెచ్చాను. శుభ్రం చేసి వివరంగా రాస్తాను. టపా బండివాడు హారన్ మోగిస్తున్నాడు.

సిగ్ని


హోల్మ్‌స్టాడ్
ఏప్రిల్ 24

సిగ్ని,

నీకు మతిపోయిందా? దాన్ని వంటింట్లో పెట్టుకున్నావా! కడగకు. ముట్టుకోకు. మీ బావ పళ్ళ డాక్టరు కదా, ఎముకల సంగతి ఆయనకీ కొంత తెలుసు, గాలి తగిలితే పొడైపోతాయన్నాడు.

పుకారనుకున్నది నిజమే అన్నమాట. ఎవరి బిడ్డో, ఏ పాపిష్ఠిది పాతిపెట్టిందో. మన నాయనమ్మ వచ్చేముందే జరిగి ఉంటుంది, అది మాత్రం ఖాయం. నాయనమ్మకి తెలిసి ఉండదు. చరిత్రలో ఒక వాక్యం కలిపాను.

చెయ్యాల్సినదంతా చేశాను. షెరీఫ్‌కి చెప్పాను. రూడ్ పాస్టరుగారికి చెప్పాను, శనివారం వచ్చి క్రైస్తవ పద్ధతిలో మట్టి చేస్తారు. అంత్యక్రియ అంటే సంఘానికి చెప్పక తప్పదు కదా, రహస్యంగా నలుగురికే చెప్పాను. నువ్వు నల్లబట్టలు వేసుకుని ఉండు. మార్లిస్‌ని కనబడకుండా ఉంచు.

బోర్గిల్డ్


వాగు ఒడ్డు
ఏప్రిల్ 27

అక్కా,

నువ్వు పప్పులో కాలేశావు. కాలేసినదానివి ఒక్కదానివే వెయ్యలేదు, జిల్లా అంతటి చేతా వేయించావు.

నిన్న పొద్దున్నే కార్లు వచ్చాయి. ముందు షెరీఫ్, టోపీ తీసి చేతిలో పట్టుకుని. వెనక పాస్టరుగారు, చంకలో ప్రార్థన పుస్తకం, వెనకసీట్లో చిన్న తెల్లపెట్టె. ఆ వెనక నువ్వు రహస్యంగా చెప్పిన నలుగురూ పదహారు మందై దిగారు. ఒక్కొక్కరి చేతిలో ఒక గిన్నె. బంగాళాదుంప సలాడ్, పందిమాంసం, ఎర్ర జెల్లీ, ఆకుపచ్చ జెల్లీ, మడతపెట్టిన బంగాళాదుంప రొట్టెలు. బతికున్న పిల్ల పెళ్ళికి వండరు గానీ, చచ్చిందో లేదో తెలియని దెయ్యానికి మాత్రం బ్రహ్మాండంగా వండుకొచ్చారమ్మా నీ సంఘం వాళ్ళు! మార్లిస్‌ని దాచమన్నావు కదా, తలుపు తీసింది అదే.

పాస్టరుగారు నెమ్మదిగా, "అమ్మా, ఎక్కడుందీ?" అన్నారు.

"పొయ్యి పక్కన ఆరబెట్టానండీ."

ఆయన ముఖం పాలిపోయింది. షెరీఫ్ దుప్పటి తీశాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు, మళ్ళీ ఒక్కొక్కరే తెరిచారు. ఉయ్యాల. చెక్క ఉయ్యాలతొట్టి, అక్కా! బిడ్డా లేదు, ఎముకా లేదు. షెరీఫ్ దాన్ని కాసేపు చూసి, "దీన్ని నేను అరెస్టు చెయ్యలేను" అని టోపీ పెట్టుకున్నాడు. తెచ్చిన భోజనం వెనక్కి తీసుకెళ్తే బాగుండదు కాబట్టి అందరూ ఇక్కడే కూర్చుని తినేశారు. ఎమిల్ ఆకుపచ్చ జెల్లీ రెండుసార్లు వేయించుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఉయ్యాల కింది వంపు చెక్కలకి గొర్రెతోలు చుట్టి మేకులు కొట్టారు, ఊపితే చప్పుడు రాకుండా. అంచంతా పళ్ళగాట్లు. ఉయ్యాల పక్కన ఒక మంగలికత్తి, ఒక జత మగబూట్లు. ఎడమ బూటు మొనలో ఉన్ని కుక్కి ఉంది. మంచుకి ఎడమ కాలివేళ్ళు పోగొట్టుకున్నవాడు మన వంశంలో ఒక్క తాతయ్యే.

ఆలోచించు. అప్పట్లో అయిదేళ్ళు అక్కడే ఉంటే పెళ్ళికాని ఆడదానికి కూడా ప్రభుత్వం తన పేరున భూమి ఇచ్చేది. పక్క పొలం మగాణ్ణి పెళ్ళాడితే ఇద్దరిదీ ఒకే ఇల్లు అవుతుంది, రెండు పొలాల్లో ఒకటి పోతుంది. అందుకని అయిదేళ్ళూ నాయనమ్మ పెళ్ళికాని పిల్లే. కాయితాల మీద. భూమి ఆఫీసరు తనిఖీకి వస్తే మొగుడి బూట్లూ, బిడ్డ ఉయ్యాలా నేల కిందికి. ఏడుపు మాత్రం ఎక్కడ దాస్తుంది? దానికే దెయ్యాన్ని పుట్టించింది. మన నాన్న, చర్చి గోడ మీద పటంలో గడ్డంతో కూర్చున్న పెద్దమనిషి, ఆయనే అక్కా ఆ దెయ్యం. రెండు నెలల పిల్లవాడు బాప్తిస్మానికి నడిచి వెళ్ళాడని ఊరంతా చెప్పుకుని మురిశాం. ఏ పాలు తాగినా రెండు నెలల పిల్లలు నడవరే తల్లీ! ఆవుదూడలు నడుస్తాయి.

నాకు నవ్వొచ్చింది, తరువాత నాయనమ్మ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. ఆ చలిలో, ఆ బయల్లో, బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎన్నిసార్లు కూర్చుందో. నేను పరువు తీయమనడం లేదు. నూరేళ్ళుగా జరగలేదన్న మాట ఒక్కటి వెనక్కి తీసుకో. నా పిల్లకి భోజనం వండించు. అంతే అడుగుతున్నాను.

నీ చెల్లెలు,
సిగ్ని


హోల్మ్‌స్టాడ్
మే 6

సిగ్నికి,

నేను లారీ పంపి ఆ వస్తువులు తెప్పించుకున్న సంగతి నీకు తెలిసే ఉంటుంది. నువ్వు పాలు పితుకుతున్నావని, అడిగితే ఎమిల్ "ఊఁ" అన్నాడని లారీవాడు చెప్పాడు. అంగీకారం కిందే లెక్క.

నిదానంగా పరిశీలించాను. అది ఉయ్యాల కాదు, పిండితొట్టి. రొట్టెల పిండి కలిపి పులియబెట్టే తొట్టి. గొర్రెతోలు ఎందుకంటావా, పొంగుతున్న పిండి అదరకూడదు. నాయనమ్మ రొట్టె ఎంత మెత్తగా ఉండేదో నీకు గుర్తులేదా? పళ్ళగాట్లు ఎలకలవి. బూట్లు తాతయ్యవే, పెళ్ళయ్యాక పారేసినవి. లేదా ఒంటరి ఆడదాని గుమ్మం ముందు మగబూట్లుంటే దొంగలు రారని నాయనమ్మే ముందుచూపుతో అడిగి తెచ్చుకుని ఉంటుంది. ఇది బాగుంది, చరిత్రలో ఇదే రాశాను. మంగలికత్తితో దారాలు కోసుకునేది.

నాన్న పళ్ళ విషయం మీ బావని అడిగాను. "రెండు నెలలకి నాలుగు పళ్ళు నేనైతే చూడలేదు" అన్నాడు. ఆయన అన్నీ చూశాడా ఏమిటి?

"నాయనమ్మ పిండితొట్టి" అని చీటీ రాయించాను. వచ్చే వారం గురువారం సంఘం సమావేశంలో ప్రదర్శిస్తాను. నువ్వు దీన్ని అడ్డం పెట్టుకుని నన్ను లొంగదీయాలని చూస్తున్నావు. నాన్న పటం ముందు నిలబడి ఆ మాట అనగలవా? మార్లిస్ విషయంలో నా నిర్ణయం మారదు. నేను నియమం చేసి నేనే తప్పితే రేపు ఎవరు నా మాట వింటారు?

బోర్గిల్డ్


వాగు ఒడ్డు
మే 10

అక్కా,

నీ ఉత్తరం మార్లిస్ చదివేసింది. నేను పాల కొట్టంలో ఉండగా టపా అదే తీసుకుంది. చదివి ఏడవలేదు. గౌను మడిచి పెట్టెలో పెట్టి, "అమ్మా, పెద్దమ్మని ఇక అడగొద్దు. పక్క జిల్లా జడ్జి దగ్గరికి వెళ్తాం. ఆర్లోకి రాసేశాను" అంది. అది ఏడ్చినా బాగుండేది.

నేను నిన్ను లొంగదీయాలని చూడలేదు. దొరికినప్పుడు ముందు నీకే చెప్పాలనిపించింది, ఎందుకంటే నాయనమ్మ నీకూ నాకూ మాత్రమే మిగిలింది. నువ్వు లారీ పంపావు.

నిన్న అన్నం బల్ల దగ్గర ఎమిల్ ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు. "పిల్ల పెళ్ళి భోజనం మనమే ఇక్కడ పెడదాం" అన్నాడు. ఎవరికి పెడతాం, అక్కా? ఎవరొస్తారు? నీ సంఘం రాకపోతే వాగు ఒడ్డు నుంచి ఒక్క పిట్ట రాదు. నా కూతురు ఈ ఊళ్ళోనే బతకాలి. రేపు దాని బిడ్డని ఎత్తుకుని ఏ దుకాణానికి వెళ్ళినా మాటలు ఆగిపోతాయి. నాకున్న బెంగ అదొక్కటే. నీ నియమం నీ దగ్గరే ఉంచుకో, దానికి ఒళ్ళో పిల్లలుండరు.

నాయనమ్మ తొట్టి ఏ పేరుతోనైనా పెట్టుకో. నేనిక రాయను.

సిగ్ని


హోల్మ్‌స్టాడ్
మే 16

చెల్లి సిగ్నికి,

రాయనన్నావు, రాయకు. ఇది చదువు.

నిన్న సమావేశం జరిగింది. కాఫీ పోశాక తొట్టిని బల్ల మీద పెట్టి, నాయనమ్మ రొట్టెల గురించి నా ప్రసంగం మొదలెట్టాను. పెట్రా లోకెన్ ముసలమ్మ ముందు వరసలో అల్లుకుంటోంది. ఆవిడకి చెవుడు, అందుకని అందరికీ చెవుడనుకుని మాట్లాడుతుంది. మధ్యలో తలెత్తి కళ్ళజోడు సవరించుకుని, "అరెరే, మా ఉయ్యాల ఇక్కడికెలా వచ్చిందే?" అని అరిచింది.

"ఇది పిండితొట్టి, పెట్రమ్మా" అన్నాను.

"అవునమ్మా. ఇందులో పొంగిన పిండి మా తమ్ముడు ఇవర్!"

నేను కూర్చోమని సైగ చేశాను, ఆవిడ లేచి నిలబడింది. అప్పట్లో ఆవిడకి ఏడెనిమిదేళ్ళట. భూమి ఆఫీసరు నాయనమ్మ ఇంటికి వస్తున్నాడని తెలిస్తే, సమయముంటే నాన్నని ఉయ్యాలతో సహా వాళ్ళ బండిలో ఎండుగడ్డి కింద పెట్టి తెచ్చేవాళ్ళట, లేకపోతే నేల కిందికేనట. పెట్రా పెద్దక్క కూడా కాయితాల మీద పెళ్ళికానిదేనట, ఆఫీసరు ఆవిడ గుడిసెకి వస్తే, పిల్లలూ ఉయ్యాలా తువేట్ వాళ్ళింటికి. ఆ ఒక్క ఉయ్యాల వాగు వెంబడి ఎన్ని ఇళ్ళు తిరిగిందో! పెట్రా తమ్ముడనే ఇవర్ నిజానికి వాళ్ళక్క కొడుకేనని కూడా ఆ ఊపులోనే తెలిసింది.

ఎవరో అడిగారు, "మరి ఏడుపు వినబడితే?"

"దెయ్యం అనేవాళ్ళం. అందరం ఒకే మాట. ఆఫీసరు ఒకసారి విన్నాడు, తరువాత వాగు దాటలేదు. పట్టాలొచ్చిన వసంతంలో వారానికో పెళ్ళి. మీ నాయనమ్మలూ అమ్మమ్మలే వండారు, పెళ్ళికూతురి నడుం కేసి ఎవరూ చూడలేదు. ఏడాది తిరిగాక వరసగా బాప్తిస్మాలు. మీ నాన్న నడిచి వెళ్ళాడా? అదేం గొప్ప! మా ఇవర్ కీర్తన కూడా పాడాడు."

తువేట్ ఆవిడ జేబురుమాలుతో మొహం అంతా తుడుచుకుంది. వాళ్ళ మామగారు బాప్తిస్మం నాడు గుర్రమెక్కి వచ్చాడని ఆవిడ ఇన్నేళ్ళూ గొప్పలు చెప్పుకుంది. నాకు నవ్వు రాలేదు సిగ్నీ, సిగ్గేసింది. ఆ తరంవాళ్ళు ఒక పిల్ల కోసం దెయ్యాన్ని సృష్టించి ఊరంతా కాపలా కాశారు. నేను నా పిల్లని వేలెత్తి చూపించాను.

పెట్రా కూర్చుంటూ, "అది సరే, దీన్ని ఇప్పుడు బయటికెందుకు తీశారు? ఎవరిది పెళ్ళి?" అంది. గదంతా నా వైపే చూసింది. నేను తప్ప జవాబు చెప్పేవాళ్ళెవరూ లేరు.

"మా అమ్మాయిది. మార్లిస్‌ది" అన్నాను. గట్టిగానే అన్నాను, ఆవిడకి వినబడాలిగా.

భోజనం సంఘానిదే. జూన్ ఏడు. మాంసం ఎవరు, రొట్టెలు ఎవరు అని అక్కడే కొట్టుకున్నారు. బాదం కేకు నేను చేస్తాను. మార్లిస్ నన్ను రానివ్వకపోతే కేకు మీ గుమ్మంలో పెట్టి వచ్చేస్తానని చెప్పు. రానిస్తే, గౌను నేను కుడతాను, ఆ నడుం కుట్లు దానికి రావు. ఆర్లోకి కూడా రాయమను, జడ్జిని మానుకొమ్మని. ఎమిల్‌కి జెల్లీ ఆకుపచ్చదే.

ఒక్కటి మాత్రం సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. చీటీ మార్చకూడదు. అది పిండితొట్టే. ఉత్సవానికి వచ్చే పై ఊళ్ళ వాళ్ళకి మన విషయాలెందుకు? కాకపోతే ఒక చెక్క వదులైందని, దాన్ని మరమ్మతుకి నీ దగ్గరికి పంపుతున్నాను. లారీవాడు రేపు తెస్తాడు. పార్కులో దాని బదులు బూట్లు పెడతాం. మరమ్మతు నిదానంగా చేయించు, వచ్చే ఏడాది దాకా మాకు అవసరం లేదు.

పాత గొర్రెతోలు నేనే ఊడదీశాను. చప్పుడైతే అవనీ. లోపలికి చిన్న పరుపు కుట్టాను, బాతు ఈకలతో. పిండి కదా, మెత్తగా ఉండాలి.

మీ అక్క,
బోర్గిల్డ్